కంపోస్టబుల్ ఫిల్మ్ చిరుగుతోంది, చెక్కలు మెత్తబడుతున్నాయి: మందం పెంచాలా, నానో క్లే కలపాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. బెంగళూరు పీణ్యాలో మీకు ఒకే బ్లోన్ ఫిల్మ్ లైన్, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను బుడగలా ఊది ఫిల్మ్ తీసే యంత్రం, ఉంది. బయట కొన్న కాంపౌండ్‌తో, అంటే సాగే పీబీఏటీ, బిగువైన పీఎల్‌ఏ అనే రెండు ప్లాస్టిక్‌ల మిశ్రమంతో, ఇన్నాళ్లూ కంపోస్టులో కుళ్లిపోయే (కంపోస్టబుల్) క్యారీ బ్యాగులు చేశారు. ఇప్పుడు మారతహళ్లిలో చెక్కలు, జంతికలు, కంది పొడి చేసి అమ్మే తెలుగువాళ్లు పౌచ్‌లు అడిగారు. 40 మైక్రాన్ల ఫిల్మ్‌తో చేసి ఇస్తే కొన్ని నిలువునా చీలిపోయాయి. చీలనివాటిలో చెక్కలు రెండు మూడు రోజులకే మెత్తబడ్డాయి. కాంపౌండ్ అమ్మినవాళ్లేమో 80 మైక్రాన్లకు వెళ్లమంటున్నారు, లేదంటే తమ దగ్గరున్న నానో క్లే మాస్టర్‌బ్యాచ్ (అతి సన్నని మట్టి రేకులు దట్టించిన గుళికలు) 5 శాతం కలపమంటున్నారు. ఏది చేయాలి అని అడిగారు.

రెండూ వద్దు. మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు, వాటికి ఒకే మందు లేదు. చీలిపోవడం చాలావరకు మీ షెడ్డులోనే సరిచేసుకోగలిగినది. గుళికల్లో తేమ, బబుల్ వెడల్పు, సీల్ ఉష్ణోగ్రత చూసుకుంటే చాలా మేరకు తగ్గుతుంది. మెత్తబడటం అలా కాదు. ఈ పొర ఒక్కదానితో, ఎంత మందం చేసినా, ఏ పొడి కలిపినా అది తీరదు. తేమను ఆపడానికి వేరే పలుచని పొర ఒకటి కావాలి. అది కుదరకపోతే ఆ ఆర్డరు వదులుకుని, ఈ ఫిల్మ్‌కు నప్పే సరుకు వెతుక్కోవాలి.

నేను మొదట చెన్నై అంబత్తూరులో, తర్వాత బెంగళూరులో ఫిల్మ్ లైన్ల మీద, ఆపైన ప్యాకింగ్ డిజైన్‌లో పనిచేశాను. ఇప్పుడూ అదే పని. కంపోస్టబుల్ ఫిల్మ్ గురించి నా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇదే రకం. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

ముందు మెత్తబడే సంగతి. దీన్ని వాదనతో కాదు, లెక్కతో తేల్చుకోవాలి.

ఫిల్మ్ గుండా నీటి ఆవిరి ఎంత పోతుందో ల్యాబుల్లో 38 డిగ్రీల దగ్గర, 90 శాతం తేమలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు ఫిల్మ్ ఒక రోజులో ఎన్ని గ్రాముల ఆవిరిని దాటనిస్తుందన్నదే ఆ అంకె. చిప్స్ ప్యాకెట్లకు వాడే పాలీప్రొపిలీన్ ఫిల్మ్ (బీఓపీపీ) 25 మైక్రాన్లదైతే అది 4 నుంచి 6 గ్రాములు. అదే మందం ఎల్‌డీపీఈకి, అంటే మామూలు పాలిథీన్‌కు, 15 నుంచి 20. పీఎల్‌ఏకు 300 ప్రాంతం. పీబీఏటీ అంతకంటే ఎక్కువే. మీ 40 మైక్రాన్ల ఫిల్మ్‌కు నేను ఉదారంగా 200 వేసుకుంటాను. అసలు అంకె అంతకంటే ఎక్కువే ఉంటుంది.

మీ పౌచ్ 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు అనుకుందాం. రెండు వైపులా కలిపి 0.06 చదరపు మీటర్లు. ల్యాబు వాతావరణంలో అయితే రోజుకు 12 గ్రాముల ఆవిరి లోపలికి పోతుంది. బెంగళూరులో షాపు అల్మారా దగ్గర 27 డిగ్రీలు, 65 శాతం తేమ అనుకుంటే చెక్కల్లో ముందే ఉన్న తేమ పోగా, ఆవిరిని లోపలికి తోసే ఒత్తిడి ల్యాబులో ఉన్నదానిలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. అంటే రోజుకు సుమారు 3 గ్రాములు. 200 గ్రాముల చెక్కలు 2 శాతం తేమతో లోపలికి వెళ్లి 4, 5 శాతానికి చేరాయంటే కరకర పోయినట్టే. ఆ తేడా 4 నుంచి 6 గ్రాములు. రోజుకు 3 గ్రాముల చొప్పున అది రెండు రోజుల పని. మీరు రాసింది కూడా అదే కదా. మీ ఫిల్మ్‌లో లోపమేమీ లేదు, దాని స్వభావమే అది.

ఇప్పుడు అదే లెక్కను వెనక్కి తిప్పండి. చెక్కలు నెల రోజులు నిలవాలంటే రోజుకు 0.17 గ్రాములకు మించి ఆవిరి పోకూడదు. అంటే ల్యాబు అంకె 11 దగ్గర ఉండాలి. రెండు నెలలకైతే 5, 6. చెన్నై షాపులకు కూడా పంపిస్తానంటే 30 డిగ్రీలు, 75 శాతం తేమకు ఇంకో ఒకటిన్నర రెట్లు మెరుగైనది కావాలి.

మందం రెట్టింపు చేస్తే ఆవిరి సగమవుతుంది. 200 కాస్తా 100 అవుతుంది. 11కు రావాలంటే మీరు 700 మైక్రాన్లు దాటాలి. అది ఫిల్మ్ కాదు, అట్ట. 80 మైక్రాన్లకు వెళ్తే మీకు మిగిలేది రెట్టింపు ఖర్చు, రెండు రోజులకు బదులు నాలుగు రోజులు. అమ్మినవాళ్లకు మాత్రం రెట్టింపు సరుకు అమ్ముడుపోతుంది.

నానో క్లే సంగతి. ఇది పూర్తిగా బూటకం కాదు. మట్టి రేకులు ఫిల్మ్‌లో పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుంటే ఆవిరి తిన్నగా పోలేక వంకర దారి పట్టాలి, అంతే సూత్రం. రేకు వెడల్పును దాని మందంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బట్టి లాభం ఉంటుంది. ఆ సంఖ్య 100 ఉండి, ఫిల్మ్ ఘనపరిమాణంలో 2 శాతం రేకులే అయితే ఆవిరి దారి సుమారు రెట్టింపు పొడవవుతుంది, అంటే పారగమ్యత సగమవుతుంది. పత్రాల్లో కనిపించే మంచి ఫలితాలు ఇక్కడివే. రేకులు పూర్తిగా విడిపోయి, ఫిల్మ్ తలానికి సమాంతరంగా పడుకున్నప్పుడే అది సాధ్యం. మీ సింగిల్ స్క్రూ యంత్రంలో మాస్టర్‌బ్యాచ్ వేస్తే రేకులు విడిపోవు, కట్టలుగానే ఉండిపోతాయి. ఆ సంఖ్య 20కి పడిపోతే లాభం ఐదో వంతు. మీకు కావలసింది ఇరవై రెట్లు, దొరికేది ఇరవై శాతం. పైగా విడిపోని కట్ట ప్రతిదీ ఒక చిరుగు మొదలయ్యే చోటు. ఫిల్మ్ మీద బరువు పడేసి చూసే డార్ట్ పరీక్షలో ఫిల్మ్ ఇంకా ముందే పగులుతుంది. ఆ మట్టికి పూసే అమ్మోనియం లవణాలు వేడిలో పీఎల్‌ఏ అణువుల పొడవాటి గొలుసులను తెంచుతాయి కూడా. తినే సరుకు ప్యాకింగుకు వాటి అనుమతుల గొడవ వేరే.

సెల్యులోజ్ నానో ఫైబర్, కైటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసేది), పాల ప్రోటీన్ పూతలు అన్నీ కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. ఇవన్నీ పొడి వాతావరణంలో ఆక్సిజన్‌ను బాగా ఆపేవి. నీటి ఆవిరిని ఆపవు, ఎందుకంటే అవి స్వయంగా నీటిని ఇష్టపడేవి. మన వాళ్లు చాలామంది 'బ్యారియర్' అని ఒకే మాట వాడి బోల్తా పడేది ఇక్కడే. తేమను ఆపడం, ఆక్సిజన్‌ను ఆపడం రెండూ వేరు, చాలాసార్లు ఒకదానికొకటి ఎదురు. పాలిథీన్ మైనం లాంటి స్వభావం గలది కాబట్టి నీటిని దగ్గరకు రానివ్వదు, ఆక్సిజన్‌ను మాత్రం ధారాళంగా వదిలేస్తుంది. పీఎల్‌ఏ ఆక్సిజన్‌ను ఎల్‌డీపీఈ కన్నా దాదాపు పది రెట్లు బాగా ఆపుతుంది, ఆవిరి దగ్గర చేతులెత్తేస్తుంది. పీవీఏ, అంటే పాలీవినైల్ ఆల్కహాల్, పొడిగా ఉన్నంతసేపూ ఆక్సిజన్‌కు అద్భుతమైన అడ్డు. దాని గొలుసులు హైడ్రోజన్ బంధాలతో గట్టిగా అతుక్కుని ఉండటమే కారణం. గాలిలో తేమ 70 శాతం దాటితే నీరు వెళ్లి ఆ బంధాల మధ్య దూరుతుంది, ఆ గొప్ప చాలావరకు పోతుంది. అందుకే పీవీఏను ఎప్పుడూ మధ్యలో పెట్టి రెండు వైపులా వేరే పొరలతో కాపాడాలి.

మరి తేమను ఏది ఆపుతుంది? ఈ ప్రశ్న కొత్తది కాదు. సెల్లోఫేన్ వచ్చిన తొలి రోజుల్లో దానిదీ ఇదే గోడు. మెరుపు, పారదర్శకత అన్నీ ఉన్నాయి, కానీ తేమ దాటిపోయేది. 1927లో డ్యూపాంట్ రసాయన శాస్త్రవేత్తలు హేల్ చార్చ్, కార్ల్ ప్రిండిల్ దానికి దారి కనుక్కున్నారు. సెల్లోఫేన్‌ను మార్చలేదు, దాని మీద నైట్రోసెల్యులోజ్, మైనం కలిసిన అతి పలుచని లక్క పూత పూశారు. బిస్కెట్లకూ సిగరెట్లకూ సెల్లోఫేన్ పనికొచ్చింది ఆ పూత పుణ్యమే. బలం ఒక పొర ఇస్తుంది, అడ్డు ఇంకో పొర ఇస్తుంది. ఇప్పటి కంపోస్టబుల్ ఫిల్మ్‌ల విషయంలోనూ నేను నమ్మేది అదే దారి.

ఈ రోజు మార్కెట్లో నిజంగా పనిచేసేవి ఇవి. పలుచని అల్యూమినియం పూసిన (మెటలైజ్డ్) సెల్యులోజ్ ఫిల్మ్ లేదా పీఎల్‌ఏ ఫిల్మ్, దాని లోపలి వైపు సీల్ కోసం మీరు ఊదే పీబీఏటీ, పీఎల్‌ఏ ఫిల్మ్, మధ్యలో కంపోస్టబుల్ అని ధ్రువీకరణ ఉన్న జిగురు. అల్యూమినియం పూత కొన్ని పదుల నానోమీటర్ల మందమే కాబట్టి కంపోస్టుకు అడ్డురాదు. ఆవిరి అంకెను పదిలోపుకు తెస్తుంది. పారదర్శకంగా కావాలంటే అల్యూమినియం ఆక్సైడ్, సిలికాన్ ఆక్సైడ్ పూతలున్నాయి, ధర ఇంకా ఎక్కువ. ఒక హెచ్చరిక మాత్రం: పీఎల్‌ఏ మీద మెటల్ వేసిన ఫిల్మ్‌ను నలిపితే పూత పగుళ్లిస్తుంది. సప్లయర్ ఇచ్చే అంకె చదునైన కొత్త ఫిల్మ్‌ది. పౌచ్ చేసి, నింపి, పెట్టెలో కుక్కి, బస్సులో పంపాక కొలిస్తే కథ వేరు. మీరు కొనేముందు ఫిల్మ్‌ను పదే పదే మెలితిప్పి నలిపే గెల్బో ఫ్లెక్స్ పరీక్ష చేశాక వచ్చిన అంకె అడగండి. ఇవ్వకపోతే కొనకండి.

మైనం పూతలూ ఉన్నాయి. కార్నూబా, తేనెమైనం కాగితం మీద బాగా పనిచేస్తాయి. కానీ సీల్ దగ్గర మైనం ఉంటే సీల్ పట్టదు, మడత దగ్గర పగులుతుంది. చుట్టే కాగితానికి సరే, నింపి సీల్ చేసే పౌచ్‌కు నేను సిఫారసు చేయను.

కంది పొడి సంగతి చెక్కలంత కఠినం కాదు, కానీ గడ్డకడుతుంది, వాసన పోతుంది. మిమ్మల్ని రేపు ఎవరైనా ఫిల్టర్ కాఫీ పొడికి పౌచ్ అడిగితే ఇంకా జాగ్రత్త. బెంగళూరులో ఈ ప్రశ్న రాకుండా పోదు. కాఫీకి ఆక్సిజన్ శత్రువు, చికోరీకి తేమ శత్రువు. రెండూ కలిసిన పొడికి రెండు అడ్డులూ కావాలి. పైగా తాజాగా వేయించిన కాఫీ కార్బన్ డయాక్సైడ్ వదులుతూ ఉంటుంది, ఆ ఒత్తిడికి బలహీనమైన సీల్ విడిపోతుంది. ఒక వరుస పొరతో కాఫీ జోలికి పోవద్దు.

ఇక చీలిపోవడం. ఇది మీ చేతిలో ఉన్న పని, కాబట్టి ఎక్కువ సేపు దీని మీదే ఉంటాను.

మొదట చీలిన ముక్కను పారేయకండి. చీలిక అంచును కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. చీలిక ఫిల్మ్ యంత్రంలో నడిచిన దిశలోనే, తిన్నగా, సాగిన తెల్లటి గుర్తు ఏమీ లేకుండా ఉంటే పీఎల్‌ఏ ఆ దిశలో దారాల్లా సాగిపోయిందని అర్థం. చీలిక ఒక చిన్న చుక్క దగ్గర మొదలై రెండు వైపులకూ పాకితే ఆ చుక్క గడ్డకట్టిన పాలిమరో, విడిపోని ఫిల్లరో. ఫిల్మ్ నిలువుగా, అడ్డంగా ఎటు లాగినా పుటుక్కున తెగితే గొలుసులే తెగిపోయాయి, అంటే అది తేమ చేసిన పని. మీరు నిలువునా చీలుతోందని రాశారు, కాబట్టి మొదటిది ఖాయం. మూడోది కూడా ఉందేమోనని నా అనుమానం. ఎందుకంటే గుళికలు ఆరబెట్టడం గురించి మీరు ఒక్క మాటా రాయలేదు.

తేమ అన్నిటికంటే ముందు. ఎల్‌డీపీఈతో పనిచేసినవాళ్లకు గుళికలు ఆరబెట్టే అలవాటు ఉండదు, దానికి అవసరం లేదు. పీఎల్‌ఏ, పీబీఏటీ రెండూ పాలియెస్టర్లు, అంటే నీటికి తెగే ఎస్టర్ బంధాలతో అల్లిన గొలుసులు. కరిగిన స్థితిలో ఒక్కో నీటి అణువు ఒక్కో బంధాన్ని తెంచగలదు. ఎంత నీరు ఎంత నష్టమో చూడండి. గొలుసు సగటు అణుభారం లక్ష ఉన్న పీఎల్‌ఏ ఒక కిలోలో 0.01 మోల్ గొలుసులు ఉంటాయి. 250 పీపీఎం (పది లక్షల్లో 250 వంతులు) నీరంటే కిలోకు పావు గ్రాము, అంటే 0.014 మోల్ నీటి అణువులు. గొలుసుల కంటే నీటి అణువులే ఎక్కువ. అదంతా చర్య జరిపితే గొలుసుల పొడవు సగం కంటే తక్కువకు పడిపోతుంది. పీఎల్‌ఏకు సాధారణంగా చెప్పే గరిష్ఠ పరిమితే ఆ 250. ఫిల్మ్‌కు నేను ఇంకా కిందకు, 100 దగ్గరకు తెస్తాను. బస్తా విప్పి రాత్రంతా వదిలేస్తే ఆ పరిమితి ఎప్పుడో దాటిపోతుంది. బస్తా మూతి కట్టేసినా అల్యూమినియం లైనర్ చిరిగి ఉంటే అదే గతి.

మామూలు హాట్ ఎయిర్ హాపర్ డ్రయ్యర్ బయటి గాలినే వేడిచేసి పంపిస్తుంది. ఆ గాలిలో ఉన్న నీరు ఎక్కడికీ పోదు. అంబత్తూరులో నవంబరు వానల్లో ఆ డ్రయ్యర్‌ను రోజంతా నడిపినా గుళికలు ఆరేవి కావు. బెంగళూరు గాలి కాస్త నయం, కానీ జూలైలో మీరూ చూస్తారు. తేమ తీసేసిన గాలినిచ్చే డీహ్యూమిడిఫైయింగ్ డ్రయ్యర్, గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే మంచు బిందువు మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉండేది, కావాలి. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే పాతది అద్దెకో, సెకండ్ హ్యాండ్‌కో పీణ్యాలోనే దొరుకుతుంది. పెట్ సీసాలు ఊదడానికి ముందు రూపమైన ప్రిఫారమ్‌లు చేసేవాళ్లను అడగండి, వాళ్లకు ఇది నిత్యావసరం. మీ కాంపౌండ్‌లో పీబీఏటీ ఎక్కువ కాబట్టి 60, 65 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు గంటలు. అంతకు మించి వేడిచేస్తే గుళికలు ఒకదానికొకటి అతుక్కుని హాపర్ గొంతులో ఇరుక్కుంటాయి. ఆరిన గుళికలు నేరుగా మూసిన హాపర్‌లోకి పోవాలి, బకెట్‌తో మోసుకెళ్లడం వద్దు.

ఇదంతా జరుగుతోందా లేదా అన్నది యంత్రమే చెబుతుంది. అదే వేగం, అదే ఉష్ణోగ్రత దగ్గర మోటారు ఆంపియర్లు మెల్లగా పడిపోతూ ఉంటే, బబుల్ ఊగడం మొదలైతే, కరిగిన పాలిమర్ పలచబడుతోంది, గొలుసులు తెగుతున్నాయి. మా లైన్ల మీద ఆపరేటర్లకు నేను నేర్పే మొదటి పని ఆ ముల్లును గమనించడమే. కాగితం మీద రుజువు కావాలంటే గుళికకూ, దానితో ఊదిన ఫిల్మ్‌కూ కరిగిన పాలిమర్ ఎంత సులువుగా జారుతుందో చెప్పే మెల్ట్ ఫ్లో ఇండెక్స్ 190 డిగ్రీలు, 2.16 కిలోల దగ్గర తీయించండి. ఫిల్మ్‌ది రెట్టింపు వస్తే ఇంక వేరే కారణం వెతకనక్కరలేదు.

కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారన్నది కూడా ముఖ్యం. ఈ సరుకు వేడి బ్యారెల్‌లో అరగంట నిలిచిందంటే కుళ్లినట్టే. కరెంటు రాగానే ఎల్‌డీపీఈతో తోసేసి, శుభ్రమయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. తోసేయకుండా మొదలుపెట్టిన మొదటి రోలు మధ్యలో ఉండే నల్ల చుక్కలే ఆ తర్వాతి వారం పౌచ్‌ల చిరుగులు.

పాళ్లు. పీఎల్‌ఏ విడిగా లాగితే 50 నుంచి 70 మెగాపాస్కల్ బలం ఉంటుంది, సాగడం మాత్రం 5 శాతం ప్రాంతమే. పీబీఏటీ బలం 20 ప్రాంతం, సాగడం 500 శాతం పైన. రెండూ పక్కపక్కన ఉన్నంత మాత్రాన కలవవు, ఒకటి రెండోదానిలో చుక్కలుగా ఉంటుంది. క్యారీ బ్యాగుకు బిగువు కోసం పీఎల్‌ఏ 40 శాతం దాకా పెడతారు. పౌచ్‌కు నేను 20, 25 శాతం దాటనివ్వను. ఆ చుక్కలను చిన్నవిగా, గట్టిగా అంటుకుని ఉంచడానికి ఎపాక్సీ రకం చైన్ ఎక్స్‌టెండర్ 0.3, 0.5 శాతం ప్రాంతంలో వాడతారు. తెగిన గొలుసులనూ అది కొంత అతుకుతుంది. కానీ ఇది కాంపౌండ్ చేసేవాళ్లు బాగా కలిపే రెండు స్క్రూల యంత్రంలో (ట్విన్ స్క్రూ) చేయవలసిన పని. మీరు పొడి తెచ్చి హాపర్‌లో చేత్తో కలిపితే ఒక చోట ఎక్కువై గడ్డలు కడుతుంది. మీ కాంపౌండ్ వాళ్లను పాళ్లు అడగండి. రహస్యం అంటారు. పౌచ్ గ్రేడ్ వేరే ఇవ్వమనండి, క్యారీ బ్యాగ్ గ్రేడ్‌నే పేరు మార్చి ఇవ్వకుండా చూసుకోండి. ఆ గ్రేడ్‌లో ఖరీదు తగ్గించడానికి కాల్షియం కార్బనేట్ దండిగా ఉంటుంది. ఒక ముక్క కాల్చి బూడిద తూస్తే ఎంత వేశారో బయటపడుతుంది.

పిండి పదార్థం కలిపిన గ్రేడ్‌లు చవక. గ్లిజరిన్‌తో మెత్తబరిచిన పిండి వానాకాలంలో జిగటగా, ఎండాకాలంలో పెళుసుగా మారుతుంది, పైగా తేమను ఇంకా పిలుస్తుంది. చెత్త సంచులకు బాగుంటుంది. తినే సరుకుకు నేను ముట్టుకోను.

బబుల్. ఎల్‌డీపీఈకి అలవాటైన చేయి బబుల్‌ను డై (కరిగిన ప్లాస్టిక్ బయటకు వచ్చే గుండ్రటి మూతి) వ్యాసానికి రెండింతలే ఊది, పైకి వేగంగా లాగేస్తుంది. ఈ సరుకును అలా లాగితే పీఎల్‌ఏ చుక్కలు నిలువుగా దారాలై, దారాల మధ్య నుంచి ఫిల్మ్ చీలుతుంది. మీ పౌచ్‌ల కథ ఇదే. ఆ రెండింతలను (బ్లో అప్ నిష్పత్తి) 3 ప్రాంతానికి తెచ్చి, లాగే వేగం తగ్గించండి. వెడల్పు పెరుగుతుంది కాబట్టి చిన్న డై కావలసి రావచ్చు. మెల్ట్ 150 నుంచి 170 డిగ్రీల మధ్య ఉంచండి. ఫిల్మ్ నిలువు, అడ్డం రెండు దిశల్లోనూ చిరుగు బలం తీయించండి, ఏఎస్‌టీఎం డీ1922 పద్ధతి. రెండు అంకెలూ దగ్గరగా వచ్చేదాకా సర్దుతూ పొండి. సప్లయర్లు చూపించే టెన్సైల్ అంకె మీ సమస్యను చూపించదు. లాగితే గట్టిగా ఉండే ఫిల్మ్ గాటు పడితే చీలిపోవచ్చు. చెక్కల అంచులు గాట్లు పెట్టడానికే పుట్టాయి.

సీల్. అడ్డు పొర ఎంత మంచిదైనా సీల్‌లో సూది మొన అంత సందు ఉంటే అంతా వృథా. ఈ ఫిల్మ్ సీల్ పట్టే ఉష్ణోగ్రతల పట్టీ ఇరుకు, సుమారు 95 నుంచి 125 డిగ్రీలు. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే సీల్ పక్కన పలచబడి అక్కడే తెగుతుంది. వంటశాలవాళ్లు పొడి నింపేటప్పుడు సీల్ పడే చోట దుమ్ము, నూనె అంటుకుంటాయి. గరాటు కాలువ లోపలికి దిగేలా పెట్టించండి. గాలితో సీల్ చేసిన పౌచ్‌ను నీళ్ల బకెట్‌లో ముంచి మెల్లగా అదిమితే బుడగ ఎక్కడి నుంచి వస్తుందో కనిపిస్తుంది. ఖర్చు లేని పరీక్ష, ప్రతి బ్యాచ్‌కూ చేయవచ్చు.

ఆవిరి పరీక్ష కూడా ఒకటి మీ ఆఫీసులోనే చేసుకోవచ్చు. పౌచ్‌లో బాగా ఎండబెట్టిన సిలికా జెల్ నింపి సీల్ చేయండి. ఒక ఖాళీ పౌచ్‌నూ సీల్ చేసి పక్కన పెట్టండి, ఫిల్మ్ కూడా కొంత తేమ పీలుస్తుంది కాబట్టి. గ్రాములో వందో వంతు చూపే తక్కెడ మీద రోజూ ఒకే వేళకు రెండూ తూచి, ఖాళీదాని పెరుగుదల తీసేయండి. మిగిలింది మీ పౌచ్, మీ సీల్, మీ ఊరి వాతావరణం అన్నీ కలిసిన నిజమైన అంకె. ఫిల్మ్‌కు ల్యాబు రిపోర్టు కావాలంటే చెన్నై గిండీలో కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థ సీపెట్ ఉంది. ఆహారం ఎన్నాళ్లు నిలుస్తుందన్న పరీక్షకు మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ప్యాకేజింగ్ విభాగం ఉంది.

ధ్రువపత్రం విషయం చివరికి మిగిల్చాను కానీ చిన్నది కాదు. కంపోస్టబుల్ అని ముద్ర వేసి అమ్మాలంటే ఐఎస్/ఐఎస్ఓ 17088 పరీక్ష, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ ఉండాలి. 58 డిగ్రీల కంపోస్టులో 180 రోజుల్లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద 10 శాతానికి మించి మిగలకూడదు. ముక్కలయ్యే పరీక్ష మందాన్ని బట్టి ఉంటుంది. ఒక మందానికి పాసైన ఫిల్మ్‌ను దానికి రెట్టింపు మందంలో అమ్మితే ఆ పత్రం దానికి వర్తించదు. క్లే కలిపినా, ఇంక్ మార్చినా, జిగురు మార్చినా మళ్లీ చూపించుకోవాలి. 80 మైక్రాన్ల సలహా ఇచ్చినవాళ్లు ఈ మాట చెప్పి ఉండరు. సాదా క్యారీ బ్యాగులకు 2022 డిసెంబరు 31 నుంచి ఉన్న 120 మైక్రాన్ల నిబంధన కంపోస్టబుల్ వాటికి వర్తించదు, కాబట్టి చట్టం కోసం మందం పెంచనవసరమూ లేదు.

మీ ఖాతాదారుకు ఏం చెప్పాలి? నేనైతే సూటిగా చెబుతాను. రెండు మూడు నెలలు అల్మారాలో ఉండే చెక్కలకు మెటలైజ్డ్ కంపోస్టబుల్ లామినేట్ కొనగలిగితే కొనండి, మేము లోపలి సీల్ పొర ఊది ఇస్తాం. ఆ ధర భరించలేకపోతే ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన, తిరిగి కరిగించగలిగే పాలీప్రొపిలీన్ పౌచ్ వాడండి. మెత్తబడి చెత్తబుట్టలో పడే చెక్కల వెనకున్న నూనె, బియ్యం, గ్యాసు ఖర్చు ముందు ఆ పౌచ్ చేసే నష్టం తక్కువ. ఈ మాట అంటే పర్యావరణం మీద ప్రేమ ఉన్న మిత్రులకు నచ్చదని తెలుసు.

మీ ఫిల్మ్‌కు సరిపోయే సరుకు వేరే ఉంది. ఆవిరిని వదిలేయడం కొన్నిటికి వరం. కొత్తిమీర, పాలకూర పాలిథీన్ సంచిలో చెమటపట్టి మరునాటికి కుళ్లుతాయి, ఈ ఫిల్మ్‌లో ఆ నీరు బయటకు పోతుంది. కె.ఆర్. మార్కెట్ నుంచి పూలు, ఆకుకూరలు తీసుకుని ఇళ్లకు చేర్చేవాళ్లు ఈ నగరంలో ఎందరో. అలాంటి ఒకరికి మేము 25 మైక్రాన్ల సంచులిచ్చాం, చిల్లులు కూడా పెట్టలేదు, కొత్తిమీర ఫ్రిజ్‌లో పాలిథీన్ కంటే ఎక్కువ రోజులు నిలిచింది. మరీ పలుచగా చేస్తే ఆకు వాడిపోతుంది, కాబట్టి మందం రెండు మూడు రకాలుగా చేసి చూడండి.

ఇంకొక్కటి. ఏ సరుకుకు ఇచ్చినా రోలు మీద ఊదిన తేదీ వేయండి, ముందు వచ్చింది ముందు వాడేలా పేర్చండి. ఈ ఫిల్మ్ గోదాములో కూడా మెల్లగా తేమతో తెగుతూనే ఉంటుంది, రేకుల షెడ్డు కింద వేసవిలో ఇంకా త్వరగా. ఆరు నెలలు దాటిన రోలును మళ్లీ లాగి చూడకుండా పౌచ్ యంత్రానికి ఎక్కించవద్దు.